రెండో చెయ్యి

తార్నాకలో మూడో అంతస్తు.
కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ కీచుమంటుంది.
నిమ్మగడ్డి నూనె పూసిన తాటాకును
వెలుగు పలక మీద పడుకోబెట్టి
గంటపు గాట్లను ఫోటో తీస్తాను.

తెలుగు చదవడం రాని ముస్తఖీమ్ భాయ్
రాసిన ప్రోగ్రాం
తలకట్ల వాలు కొలిచి చెప్పింది:
అరవై ఒకటో ఆకు దాకా ఒకరు,
ఆపైన మరొకరు.
నూటికి తొంభైమూడు పాళ్ళు నమ్మకం.

చివరాకున మాత్రం ఒకటే పేరు,
"మైలమ కొడుకు అబ్బన వ్రాలు".

రెండో చెయ్యి గంటాన్ని మరీ అదిమింది.
మలుపుల దగ్గర ఆకు చిట్లింది.
సున్న చుట్టడానికి
రెండుసార్లు ఆగింది.
దీపం తగ్గిందో, అబ్బన దగ్గు ఎక్కువైందో,
ఆ సంగతి గాట్లలో లేదు.

భాయ్, నీ లెక్కకు అందనిది నాకొకటి దొరికింది:
ఇద్దరి వెన్నెలకూ నావత్తు లేదు.
వెనెల, వెనెల, పదకొండు చోట్ల.
ఒకే అరుగు మీద నేర్చిన తప్పు!

"దీన్ని ఏ గడిలో వేద్దాం?" అంటాడు భాయ్.
గడి లేదు.

పట్టిక అడుగుతోంది:
రెండో లేఖకుడు, పేరు?
తెలియదు అని కొట్టాను.
తమ్ముడో, కోడలో, పక్కింటి పిల్లో.

'లేఖకుడు'లో
'డు' మీద కర్సర్
ఇంకా కొట్టుకుంటోంది.