ఎర్ర గీత పడని పుట

పంతొమ్మిదేండ్లు శుక్రారం నాడు
మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే.

నెహెమ్యా కాళ్లు విల్లు లెక్క వంగినప్పుడు
పరంజ్యోతి అయ్యగారు గ్రంథం తెరిచి
ఎర్ర పెన్సిల్ గీత మీద ఏలు పెట్టిండు.
పెద్దల పాపం పిల్లల మీదికి దిగుతదన్నడు.
ఎదురు అడిగేటంత చదువా నాది?
ఇంటికొచ్చి నా పాపం ఎతుక్కున్న.
దొరికింది.
కడుపుతోని ఉన్నప్పుడు
చండూరు తొవ్వల బత్తాయి తోటకు కూలికి వొయ్యి
రెండు కాయలు కొంగుల ముడేసుకున్న.
ఒకటి గట్టు మీదనే తిన్న, తొక్కతోని.
గదే అనుకున్న.
రెండు కాయలకు రెండు కాళ్లు.

నలభై దాటినంక అచ్చరాలొచ్చినయి.
నేర్పింది వాడే, కుక్కి మంచంల కూసోని.
మొదలు రేషన్ కార్డు మీద నా పేరు,
తర్వాత బస్సు బోర్డు – మర్రిగూడ, మాల్, దేవరకొండ,
తర్వాత గ్రంథం.
బియ్యంల రాళ్లేరినట్టు చదివిన.
ఒత్తుల కాడ ఆగుకుంట.

అయ్యగారి గీతలు నాకెరుకే, అవి నడిచి నడిచి పడ్డ తొవ్వలు.
గీత పడని పుటలల్లకు వొయ్యిన.
కొన్ని చదివితె భయమైంది,
పసిపోరగాళ్లను గూడ ఇడువలే ఆడ.
మూసి రెండొద్దులు దూలం మీద పెట్టిన.
ఇది గూడ దేవుని మాటేనారా అంటె
నాకేమెరుక, చదివేది నువ్వు గదా అన్నడు.

ఒక రాత్రి, పొయ్యిన కరెంటు మల్లొచ్చినంక,
తొవ్వ పొంటి ఒక పుట్టుగుడ్డి కనబడ్డడు పుటల.
ఎవల పాపం, ఈనిదా, కన్నోళ్లదా
అని ఎంబడున్నోళ్లు అడుగుతున్నరు,
అచ్చం మా వాడకట్టోళ్ల లెక్కనే.
ఆయన అన్నడు:
ఈనిది గాదు. కన్నోళ్లది గాదు.

ఏలు ఆడికెల్లి జరగలే.
తప్పు చదివిన్నేమో అని మల్ల చదివిన.
గాదు అనే ఉన్నది.
రెండు తీర్ల ఉన్నది.

ఉమ్మితోని మట్టి తడిపి కండ్లకు రాసి
కోనేట్ల కడుక్కొమ్మన్నడంట వాణ్ని.
మాకు కోనేరు లేదు.
బోరింగున్నది.
సర్కారోళ్లు ఎన్నడో వొచ్చి దాని మెడకు
ఎర్ర రంగు పూసి పొయ్యిన్రు.
పండుగకు పూసిన్రేమో అనుకున్నం.
గీ ఎర్ర మాత్రం
మాల ఎవ్వలం చదువలే.

అయ్యగారు గూడ ఆ నీళ్లే తాగిండు.
ఇప్పుడాయన మెడ తిరుగది,
ఎవలన్న పిలిస్తె మనిషి మనిషే తిరుగుతడు.
అదెవలదని నేను అడుగ.
గీతలున్న కాడనే చదివిండు ఆయన గూడ,
పాపం.

మొన్న శుక్రారం పొయ్యి ముట్టిచ్చిన.
జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం.
మొదటి బుక్క గొంతుల ఆగింది, మింగిన.
నెహెమ్యా చూసిండు, ఏమనలే.
మడత పడని మోచెయ్యి జాపి
ఉల్లిగడ్డ ముక్క
నా దిక్కు జరిపిండు.