ఉద్దెర గీతలు

సుల్తానాబాద్ దాటినంక, రైసుమిల్లు పక్కపొంటి
మా పాటిగడ్డ.
మా మామ కాలంల ఆ మట్టిని బండ్లకెత్తి
మిరప చేన్లకు తోలేటోళ్లు.
మంచి బలం అనేటోళ్లు.
ఎవరి బూడిదో, ఎవరి పెంటనో, అడగలే.

ఇప్పుడు తొవ్వ వెడల్పు చేస్తరట.
మిషన్లు రాకముందే చూసుకోవాలెనని
జీపుల దిగిండ్రు.
తాళ్లు కట్టి, సున్నం పోసి, చదరాలు చదరాలు.
గడ్డపారలు పక్కకు వెట్టి బ్రష్షులు పట్టిండ్రు,
పసిపిల్ల చెవి తుడిచినంత పైలంగ.

ఎదురుంగ నాది హోటలు. హోటలంటే
నాలుగు గుంజలు, తడక, రేకు తలుపు.
పొద్దుకు రెండు ఫ్లాస్కులు గుంతల కాడికి పోతయ్.
రేకు మీద సుద్దతోని గీత గీస్త,
పైసలు ముట్టినంక అడ్డం కొడత.

"ఇది ఊరు కాదమ్మా, మజిలీ" అన్నడు రంగాచారి సారు.
గోదారి రేవు దిక్కు పోయే బండ్లు
ఈడ ఎడ్లను విప్పేటియట.
ఎట్ల తెలిసె అంటె చూపిండు:
ఒరల బావి, ఇనుప చిట్టెం,
గుంజలు పాతిన నాలుగు బొక్కలు.
నాలుగు.
ఎనుకకు మర్రి నా గుంజలు లెక్కవెట్టుకున్న.

ఒకనాడు నాణెం దొరికింది. రోము రాజు మొకమట.
రాజు నెత్తికి చిల్లి కొట్టి
ఎవ్వతో మెడల ఏసుకున్నదట.
ఫోటోలు దిగిండ్రు, మైసూరుపాకు పంచిండ్రు.
నాకు ఆ రాజుతోని పనేంది,
నా తాన చాయ తాగిండా?

నా కన్ను ఓదేలు కడిగే తట్టల వడ్డది.
అరచెయ్యంత పెంకు.
ఏడు నిలువు గీతలు. మూడింటికి అడ్డం కొట్టి ఉంది.
నాలుగు ఒట్టిగ.
"కుమ్మరి గుర్తు కావచ్చు" అని
సారు పుస్తకంల రాసుకున్నడు.

కాదు సారూ, అది ఉద్దెర.
ఎవడో బండాయన, మర్లొచ్చేటప్పుడు ఇస్తనన్నడు.
ఆమె పెంకును జాగర్తగ దాసింది.
ఆమెనే అయుంటది. మొగోడైతె నోటిలెక్క పెడుతుండె.

సారు నవ్విండు. రాసింది కొట్టెయ్యలే.

సోమారం నాడు జీపులు పోయినయ్.
రేకు మీద పదహారు గీతలు, అడ్డం లేకుంట.
పాతసామాన్లోడు రేకును కిలోల లెక్కన అడిగిండు,
ఇచ్చేసిన.

గుంతలు పూడ్చే ముందుగాల రాత్రి
పగిలిన సాసరు మీద మొలతోని
పదహారు గీతలు గీకి
ఓదేలు తవ్విన చదరంల పడేసిన.

తెల్లారంగనే జేసీబీ వచ్చింది.
సారు నంబరు నా ఫోన్ల ఉంది.
మంచోడే. ఇంక అడగలే.