నాలుగో చరణం

ఎర్రగుంట్ల దాటినాక, నాపరాళ్ల గనుల నడుమ
మా లూథరన్ గుడి.
గోడలు నాపరాయి, నేల నాపరాయి,
కీర్తన నంబరు సుద్దతో రాసే పలక కూడా
ఆ గనిలో లేచిందే.

ఆ కీర్తన మాది కాదని
నాకు పదకొండేళ్లప్పుడు తెలిసింది.
హార్మోనియం తిత్తి చిరుగుకు తోలు అతికిస్తా
నతానేలు ఉపదేశి చెప్పినాడు:
"జర్మనీలో పుట్టిందమ్మీ ఇది.
తెగులొచ్చి ఊరు ఊరంతా రాలిపోతాంటే
ఒక లూథరన్ బోధకుడు
పొద్దున ఆరుగుర్ని పూడ్చిపెట్టొచ్చి
మాపటికి చేతులు కడుక్కోని రాసినాడంట.
రాగం మాత్రం ఆయనది కాదు.
వెండి గనుల్లోకి దిగే కూలోళ్లు
అంతకు ముందునుంచీ పాడుకునేదంట."

గని అనే మాట దగ్గర
మా జేజి లేయమ్మ తలెత్తింది.
"అట్ల చెప్పు. నాకు తెల్సు."

ఎట్ల తెల్సని ఎవరూ అడగలేదు.
ఆ పాట ఎగరదు, చిందెయ్యదు,
ఏడ్చి ముక్కు చీదుకోదు.
నెత్తిన బండ ఉన్న మనిషి మాదిరి
అడుగు చూసుకోని అడుగేస్తుంది.
ప్రతి పాదం చివరా ఆగుతుంది.
దొరసాని ఉన్న రోజుల్లో, ఆ ఆగే చోట
బూటుకాలితో నేల తట్టి
"సాగదీయవద్దు, సాగదీయవద్దు" అనేదంట.
సాగదీసిందెవరు?
సమ్మెట ఎత్తేటప్పుడు ఒక ఊపిరి,
రాయి విడినాక ఒక ఊపిరి.
నడుమ మాట రాదు, అంతే.

రెండో చరణంలో మంచు ఉంది, ఊళ్లను కప్పే మంచు.
మావాళ్లు చూసిన మంచు
డిసెంబరులో శెనగచేల మీద, పొద్దెక్కేదాకా.
అయినా పాట భయపడమంటే
భయపడినట్టే పాడినారు, మర్యాదకు.

నాలుగో చరణం చెదలు తినింది.
ఉన్న ఒక్క పుస్తకంలో, చిరిగిన అంచున
"నీవే" అనే మాట మిగిలింది.

డెబ్బై ఆరులో అనుకుంటా,
తూటా ముందే పేలి
మా తాత ఏసోబును గని తీసుకునింది.
గుంత దగ్గర మూడు చరణాలూ అయిపోయినాయి.
పాట అయిపోయింది, మట్టి ఇంకా మిగిలింది.
పారలు ఆగిపోయినాయి.
అప్పుడు జేజి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా,
రాగం తప్పకుండా ఎత్తుకునింది:

నీవే రాతి కింది నీరు,
నీవే రాయి విడే గీత,
మా దెబ్బ పడక మునుపే
లోపల నీవున్నావు.

గుంత పూడేదాకా అదే, మళ్లీ మళ్లీ.
ఆనాటినుంచి మాకు నాలుగో చరణం అదే.

మొన్న కొత్త అయ్యగారొచ్చినాడు,
గుంటూరులో చదువుకున్న పిల్లోడు.
అట్టపెట్టె నిండా కొత్త పుస్తకాలు తెచ్చి పంచినాడు.
అందులో ఉంది, అసలు నాలుగో చరణం.
దేవదూతలు, తెల్లని అంగీలు, తెరిచిన గవునులు.
బాగుంది. వంక పెట్టేదానికి ఏం లేదు.

ఆదివారం మూడు చరణాలయినాయి.
అయ్యగారు పుస్తకంలోది అందుకున్నాడు, ఒక్కడే.
గుడి మొత్తం "నీవే" అనింది.
ఒకే రాగం మీద రెండు పాటలు
పక్కపక్కన కొంత దూరం నడిచినాయి,
ఒకదాని మాట ఇంకోదానికి తగులుతా.
పాదం చివర, ఆ ఆగే చోట మాత్రం
ఇద్దరికీ ఊపిరి ఒకటే.
రెండో పాదానికి ఆయన వేలు అడ్డం పెట్టి
పుస్తకం మూసినాడు.

గుడి విడిచినాక అడిగినాడు,
"అది ఎవరు రాసినారమ్మా?"

చెప్పులు వెతుక్కుంటా ఉంది జేజి.
"ఎవరో," అనింది.
"జర్మనీలో."