చివరి కొలత

గ్రిమ్స్‌బీలో, చేపల రేవు వెనక
నాణేలు మింగి నడిచే లాండ్రీ.
గోడ మీద టీవీలో రాచపెళ్లి.

"మరీ సాదా! నా దిండు గలీబుకే
ఇంతకన్నా లేసుంది,"
అంది బెరిల్, మొగుడి చొక్కాలు కుక్కుతూ.
"కిరీటం అరువు సొమ్మే కదా,
పొద్దుగూకితే మళ్లీ ఇనప్పెట్టెలోకే,"
అన్నాడు ఓస్వాల్డ్.
తను తొడుక్కున్నది అన్న కోటు.
మెడ బాగుందని ఒకరు, అసలు మెడే లేదని ఒకరు.
"ఆ రవ్వలు ఏ నేలలో తవ్వినవో"
అంది నర్సు ఇఫెయోమా,
ఎవరి వైపూ చూడకుండా.
కాసేపు యంత్రాలే మాట్లాడాయి.

గ్లెనిస్ కళ్లద్దాలు తుడుచుకుని
తెరకు ముక్కు తగిలేంత దగ్గరికెళ్లింది.
ముప్పై ఏళ్లు పెళ్లిగౌన్లు కుట్టిన వేళ్లు
గాల్లో ఏదో పట్టుకుని మడిచాయి.

"నడుము దగ్గర చూడండి,
రాత్రికి రాత్రే లోపలికి పట్టారు.
చివరి కొలత తీశాక
పిల్ల చిక్కింది."

తెర మీద ఆ అమ్మాయి చెయ్యి ఊపుతోంది,
తల మాత్రం కదలనివ్వకుండా,
నిండు బిందె మోస్తున్నట్టు.

బెరిల్ సంచీలో వెతికి
ఇంకో నాణెం వేసింది.