జీడిపిక్కల కాటా మీద

మొదటిసారి సర్దిన సంచిని
కాశీబుగ్గలో లోకనాథం జీడిపిక్కల కాటా మీద పెట్టాను.
పదకొండు కిలోల రెండొందలు.
"ఇవి పిక్కలైతే బేరం బాగుండును నర్సమ్మా,
రంగులకి రేటెంతేటి?" అన్నాడు.

నిలువెత్తు టేకు స్టాండు,
పద్దెనిమిది రంగుల డబ్బా,
గొడుగు, మడత కుర్చీ, రెండు లీటర్ల నీళ్లు,
ఎందుకైనా మంచిదని పెట్టిన మూడో అట్ట.
ఆ ఎందుకైనా మంచిదే
అన్నిటికన్నా బరువు.

బస్సులో కండక్టరు స్టాండుకి లగేజీ టిక్కెట్టు కొట్టాడు.
కిటికీ పక్క సీటు దానిది. నేను నిలబడ్డాను.

ముప్పయ్యొకటేళ్లు టీకాలు మోసినదాన్ని.
ఏ ఊరికి ఎన్ని సీసాలు, ఎన్ని ఐసు ప్యాకులు,
గట్టు మీద నడిచేటప్పుడు ఎక్కడ భుజం మార్చుకోవాలి,
ఇవి నాకొకరు చెప్పక్కర్లేదు.
బొమ్మల దగ్గరికొచ్చేసరికి మాత్రం
కొత్త కోడలి సారె సర్దినట్టు సర్దానెందుకో.

అటక మీంచి దించాను,
మూత చిట్లిందని స్టోరువాళ్లు కొట్టేసిన
నీలం టీకా పెట్టె.
ఐసు ఉండే గోడ వారన కుంచెలు.
సీసాలు నిలబెట్టే చోట ఐదు రంగులు, ఐదే.
ఆకుపచ్చ మానేశాను.
దుకాణంలో అమ్మే పచ్చ ఉద్దానం కొబ్బరికి
ఒక్కనాడూ సరిపోలేదు.
నీలంలో పసుపు కలిపి కాస్త కావి తగిలిస్తే
మట్టల మీది దుమ్ము కూడా వస్తుంది.
తెలుపు వద్దు, అది కాగితం ఇస్తుంది.

స్టాండు బదులు దండాసి చేసిచ్చాడు
ఒళ్లో పెట్టుకునే పలక, పనస చెక్కది,
అంచుకి రెండు బట్టల క్లిప్పులు.
"మూడు కాళ్లెందుకమ్మా, నీకు రెండున్నాయి గదా!"
నా మోకాళ్ల సంగతి అతనికేం తెలుసు.

నీళ్ల సీసా తీసేశాను.
వెళ్లేది మంచినీళ్లపేటకి.
పేరు నమ్ముకుని వెళ్లడం తప్పా?
కుర్చీ తీసేశాను, ఒడ్డున పడవలుంటాయి.
గొడుగా, గాలికి ఎగిరిపోయేదాన్ని మోయడమేమిటి.
తలకి తువ్వాలు చాలు.

మళ్లీ కాటా. రెండు కిలోల ఏడొందలు.
లోకనాథం ఈసారి ఏమీ అనలేదు.

పెట్టె చూడగానే పిల్లలు పరుగు.
ఒకడైతే బనీను వదిలేసి.
"ఒలే, సూదులమ్మొచ్చింది!"
ఇసకంతా ఖాళీ.
పడవ అంచున కూర్చుని మూత తీశాను.
కాసేపటికి వల కుప్ప చాటు నుంచి ఒక తల,
దాని వెనక మరో రెండు.
"ఏటవి, మందులేనా?"
"ఊఁ. నాకు."
ఏ రంగుకి ఎక్కువ నొప్పి అని అడిగింది
అందర్లోకీ చిన్నది.

చెంబెడు నీళ్లడిగితే దాలమ్మ
"బొమ్మకా! ఈ బిందె ఎంత దూరం నుంచి
మోసుకొస్తన్నానో తెలుసా" అంది.
సముద్రం కేసి గడ్డం చూపించింది.
"అన్ని నీలక్కడెట్టుకుని నన్నడుగుతావేటి?"

సరే, సముద్రాన్ని సముద్రంతోనే కలిపాను.
ఆరడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు.
ఆరాక ఆకాశమంతా సన్నటి ఉప్పు పొక్కులు,
టీకా వేసిన జబ్బ లాగ.

బొమ్మ సగంలో ఉంది, పడవ వాళ్లొచ్చారు.
"నెగండమ్మా, ఏటకెల్లాల."
నేను కూర్చున్న పడవా
నేను గీస్తున్న పడవా
ఒకదాని వెనక ఒకటి నీళ్లలోకి వెళ్లిపోయాయి.
పలక ఎడం చేత్తో పట్టుకుని
నిలబడే పూర్తి చేశాను, మోకాళ్లు తిడుతుంటే.

తిరుగు బస్సులో పెట్టె ఒళ్లోనే.
టిక్కెట్టు వెనక రాసుకున్నాను:
పీట ఒకటి. అరకిలో దాటకూడదు.
నీళ్లు మాత్రం అక్కర్లేదు.