మూడో గచ్చు

వాగినెమ్ ఇంట్లోకి ఎవరొచ్చినా
తల వంచాల్సిందే.
సముద్రం లోపలికొచ్చినప్పుడల్లా
గచ్చు ఎత్తు చేశారు, మూడుసార్లు.
కప్పు మాత్రం ఉన్నచోటే ఉంది.
ఒకప్పటి కిటికీ ఇప్పుడు గుమ్మం.

దెమాక్ నుంచి ప్లానింగ్ ఆఫీసరు
నడుం వంచి వచ్చి, చాప మీద మ్యాపు పరిచాడు.
ఎర్రగీతకి ఇవతల గట్టు కడతారట,
అవతల మడచెట్లు నాటుతారట.
"మా ఇల్లేదీ?"
అతని వేలు నీలంలో కాసేపు తచ్చాడింది.

ఆమె టీ పోసింది. చక్కెర ఎక్కువే వేసింది.
"మావాడి ఎత్తు గోడ మీద గీసేదాన్ని.
నాలుగేళ్లప్పటిది, ఆరేళ్లప్పటిది,
అన్నీ ఈ గచ్చు కిందున్నాయి.
కొత్తచోటికి గోడ తెచ్చుకోనిస్తారా?"

ఫారంలో ఆ గడి లేదు.
లేవబోతే దూలం నుదుటికి తగిలింది.
"చూసుకోండి," అంది,
"వచ్చే ఏటికి ఇంకో జానెడు దిగుతుంది."