అంగుళమున్నర ఖాళీ

బళ్ళారి చౌరస్తాలో బట్టల షోరూముకు
టేకు పలకలు తొడగాలి.
సేటు రెండు కొటేషన్లు బల్ల మీద పరిచి
"కంటికి కనపడని దానికి ఇంత డబ్బేందప్పా?
గోడకే పెట్టి మేకులు కొడితే పోలా?" అన్నాడు.

మౌనాచారి వెంటనే ఏమీ అనలేదు.
బయటికి పోయి పడమటి గోడకు అరచెయ్యి ఆనించి
చటుక్కున తీశాడు.
మే నెల, మధ్యాహ్నం మూడు.

"కరిపిస్తే ఉడికిపోతాది సామీ.
మధ్యన అంగుళమున్నర ఖాళీ వదలవల్ల,
కిందనుంచి గాలి దూరి పైన బయటపడవల్ల.
నాలుగు చినుకులకు కట్టె ఒళ్ళు చేస్తాది,
ఎండకు మళ్ళా చిక్కుతాది.
తావియ్యకుంటే మేకునన్నా పీకుతాది,
తననన్నా చీల్చుకుంటాది.
మా నాయన తలుపుచెక్కను చట్రంలో ఇరికించేటోడు కాదు,
కూచోబెట్టేటోడు."

జేబులోంచి అల్యూమినియం బ్రాకెట్ తీశాడు.
ఒక రంధ్రం గుండ్రం, ఇంకోటి పొడుగు.
"ఇది పట్టుకుంటాది. ఇది పోనిస్తాది."
బిల్లుబుక్కు మూసి
ఆ పొడుగు రంధ్రంలో వేలు పెట్టి చూశాను.
స్క్రూ అటూ ఇటూ ఆడేంత జాగా.

పడమటికి అల్యూమినియం పట్టాలు,
ఉత్తరానికి, ఎండ తక్కువ గదా అని,
గోడకే మేకులు.
బేరం అక్కడ తెగింది.
మౌనాచారి ఉత్తరం వైపు పని తన పిల్లోళ్ళకు వదిలి
అటు మళ్ళా చూడలేదు.

ఇప్పుడు రాత్రి షట్టరు దించే వేళకు
పడమటి గోడ టిక్కు టిక్కుమంటుంది.
వాచ్‌మన్ హుసేనప్ప బల్లి అనుకుని
మొదటి వారమంతా టార్చి వేసి వెతికాడు.

ఉత్తరపు గోడ
ఇంకా ఏమీ అనలేదు.